ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తుంది

ముందు సబ్బుల సంగతి చెబుతాను.

బీజింగులో ఒకావిడ పిల్లల కోసం బట్టల సబ్బులు దాచింది. ఒకటీ రెండూ కాదు, ఏళ్ళ తరబడి కూడబెట్టినవి. సబ్బు కూడా కూపన్ల మీద ఇచ్చే రోజులవి. ఇంట్లో వాడకం తగ్గించుకుని, మిగిల్చి, ఎండబెట్టి పెట్టింది. పిల్లలు పెద్దయ్యి సంసారాలు పెట్టుకున్నాక సబ్బు కోసం తనలా ఇబ్బంది పడకూడదని ఆవిడ ఆలోచన. కొడుకు పెళ్ళయ్యాక తీసి ఇవ్వబోయింది. మాకు వాషింగ్ మెషీన్ ఉంది కదా, ఇవెందుకు అన్నాడా కొడుకు. (మనమైనా అదే అంటాం.) ఆవిడ వాటిని పారెయ్యలేదు, ఎవరికీ ఇవ్వలేదు. మళ్ళీ అతని కోసమే దాచింది. చాలా ఏళ్ళ తర్వాత చూస్తే రాళ్ళలా గట్టిపడి అలాగే ఉన్నాయి.

ఆ కొడుకు పేరు సాంగ్ డాంగ్. 1966లో బీజింగులోనే పుట్టాడు, చైనాలో పేరున్న కళాకారుడు. అసలు ఉచ్చారణ ‘సుంగ్ తుంగ్’కి దగ్గరగా ఉంటుందని మా ఆఫీసులో పనిచేసిన చైనా అమ్మాయి చెప్పింది కానీ, అందరూ చదివే ఇంగ్లీషు స్పెల్లింగునే పట్టుకుని రాస్తున్నాను. ఆ సబ్బులు ఇప్పుడు అతని ఇన్‌స్టలేషన్‌లో భాగం. దానికి ఇంగ్లీషులో ‘వేస్ట్ నాట్’ అని పేరు. చైనా భాషలో ‘వు జిన్ చి యోంగ్’, నాలుగే అక్షరాలు. ఏ వస్తువునైనా అందులో ఉన్న ఉపయోగం మొత్తం తీరేదాకా వాడాలి అని అర్థం. ఆవిడ తరంవాళ్ళకి అది ఊతపదం లాంటిది. మన ఇళ్ళల్లో అయితే దీన్ని ‘ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తుంది’ అంటారు.

ఇన్‌స్టలేషన్ అంటే పెద్దగా ఏమీ లేదు. వాళ్ళమ్మ ఇంట్లో ఉన్నవన్నీ తెచ్చి నేల మీద వరసగా పేర్చాడు. అంతే. పదివేలకి పైగా వస్తువులు. ఖాళీ టూత్‌పేస్టు ట్యూబులు, సీసా మూతలు, ప్లాస్టిక్ సీసాలు, మడతపెట్టిన క్యారీబ్యాగులు, గిన్నెలు, బేసిన్లు, చెప్పులు, దుప్పట్లు, గుడ్డపీలికల మూటలు, పెన్నులు, పూలకుండీలు, పాత టీవీలు. వాటి మధ్యలో ఆవిడ ఉన్న చిన్న ఇంటి చెక్క చట్రం.

2009లో నేను న్యూజెర్సీలో ఆన్‌సైట్ మీద ఉన్నాను. ఆ ఏడాది ఎలా గడిచిందో ఫీల్డులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. సోమవారం వచ్చేసరికి పక్క క్యూబికల్ ఖాళీగా కనబడేది. న్యూయార్కులో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లోకి శుక్రవారం సాయంత్రాలు టికెట్ లేకుండా పంపేవాళ్ళు అప్పట్లో. నాకు ఆర్ట్ మీద ప్రత్యేకమైన భక్తేమీ లేదు, ఊరికే వస్తే చూద్దామని పాత్ ట్రైను ఎక్కేవాణ్ణి. ఆ వేసవిలో ఇది అక్కడి ఎత్తైన హాల్లో పెట్టారు. పై అంతస్తుల్లోంచి కిందికి తొంగిచూడొచ్చు. నేను మొదట పైనుంచే చూశాను. పైనుంచి చూస్తే రంగురంగుల చీరల దుకాణంలా ఉంది. కిందికి దిగాక కడుపులో దేవినట్టయింది. ఎందుకంటే ఆ మడతపెట్టిన కవర్లు నాకు తెలుసు. ఎవరో చైనా ఆవిడవి కావవి. తెనాలిలో మా వంటింటి తలుపు వెనక మేకుకి తగిలించిన సంచిలో ఉన్నవే.

నా వెనక నిలబడ్డ ఇద్దరు అమెరికన్లు, రీసైక్లింగ్ గురించి అనుకుంటా, ఏదో మెచ్చుకుంటున్నారు. కాదండీ బాబూ, ఇది రీసైక్లింగ్ కాదు అని చెప్పాలనిపించింది. చెప్పలేదనుకోండి.

మనవాళ్ళతో ఈ విషయం ఎప్పుడు కదిపినా వచ్చే మొదటి మాట, “ఇంట్లో చెత్త తెచ్చి గదిలో పేరిస్తే ఆర్టా?” న్యాయమైన ప్రశ్నే. గీయలేదు, చెక్కలేదు, పోతపొయ్యలేదు. మరి ఇతను చేసిందేమిటి? నా మటుకు నాకు తోచిన జవాబు కావాలంటే, అసలు ఆ సామాను అంత ఎలా పేరుకుందో, ఎందుకు బయటికొచ్చిందో తెలియాలి.

వాళ్ళమ్మ పేరు ఝావో షియాంగ్‌యువాన్. 1938లో పుట్టింది. కాస్త కలిగిన కుటుంబమే. 1953లో ఆవిడ తండ్రిని కొమిన్‌టాంగ్ గూఢచారి అని ముద్రవేసి జైల్లో పెట్టారు. దాంతో ఇల్లు చితికిపోయింది. పెళ్ళయ్యాక, సాంస్కృతిక విప్లవం రోజుల్లో భర్తకీ అలాంటి గతే పట్టింది. ఆయన్ని పునర్విద్య శిబిరానికి పంపేశారు. పిల్లల్ని పెట్టుకుని ఆవిడ నెట్టుకొచ్చింది. తిండిగింజలకి కూపన్లు, గుడ్డకి కూపన్లు. అలాంటప్పుడు ఒక గుడ్డముక్క దాచడం పిసినారితనం కాదు, సంసారం ఈదడం. పాత చొక్కా విప్పితే పిల్లాడి లాగు అవుతుంది, లాగు చిరిగితే అతుకు అవుతుంది, అతుకు పోతే చెప్పు అడుగున వేసే గుడ్డ అవుతుంది.

మనకీ ఇది మరీ కొత్తేమీ కాదు. రేషన్ డీలరు దగ్గర పంచదారకీ కిరసనాయిలుకీ కార్డు పట్టుకుని నిలబడ్డవాళ్ళ పిల్లలమే మనం. గ్యాస్ కనెక్షన్‌కీ స్కూటరుకీ టెలిఫోనుకీ ఏళ్ళు ఎదురుచూసిన ఇళ్ళు మనవి. కానీ మనవాళ్ళకి ఎదురుచూపే ఎక్కువ, భయం తక్కువ. ఝావో గారికి రెండూ ఉన్నాయి. ఈ తేడా మర్చిపోయి “అచ్చం మా అమ్మే” అనుకోవడం కూడా సరికాదు.

తమాషా ఏమిటంటే, అదే ఇంటి లేమిలోంచి పూర్తిగా ఉల్టా అలవాటు ఒకటి కొడుక్కి వచ్చింది. చిన్నప్పుడు అక్షరాలు దిద్దడానికి కాగితం, సిరా ఖర్చు కదా అని తండ్రి అతనికొక ఉపాయం చెప్పాడు. కుంచె నీళ్ళలో ముంచి రాయి మీద రాయమన్నాడు. ఆరిపోతుంది, మళ్ళీ రాసుకోవచ్చు. మన పలకకి అక్కయ్య అన్నమాట. పెద్దయ్యాక, 1995 నుంచి, సాంగ్ డాంగ్ దాన్నే డైరీగా మార్చుకున్నాడు. రోజూ రాయి మీద నీళ్ళతో రాస్తాడు, కాసేపట్లో ఏమీ మిగలదు. ఒకే ఇంట్లో తల్లి దేన్నీ పోనివ్వదు, కొడుకు రాసిందేదీ ఉండనివ్వడు. రెండింటికీ మూలం ఒకటే కరువు. దీన్ని గురించి విమర్శకులు పెద్ద పెద్ద మాటలు వాడతారు గానీ, నాకు ఈ ఒక్క సంగతి తెలియడంతోనే ఆ మనిషి మీద నమ్మకం కుదిరింది. ఇతను లేమిని ఫ్యాషనుగా వాడుకునే రకం కాదు.

తండ్రితో అతని వ్యవహారం ఇంకో కథ. మన నాన్నల్లాగే ఆయన కూడా దూరంగా ఉండే మనిషి, ముట్టుకుని మాట్లాడే చనువు లేదు. 1990ల్లో సాంగ్ డాంగ్ ఏం చేశాడంటే, తన చేతిని వీడియో తీసి, ఆ బొమ్మని ప్రొజెక్టరుతో తండ్రి ఒంటి మీద వేశాడు. వెలుగుతో చేసిన చెయ్యి ఆయన గుండెల మీద మెల్లగా నిమురుతుంటుంది. ముందు మొహమాటపడ్డ ఆయన తర్వాత కోటు విప్పాడు, తర్వాత చొక్కా విప్పాడు. ‘నాన్నని తాకడం’ అని దాని పేరు. ఇది చదివినప్పుడు, మా నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టడం తప్ప ఆయన్ని నేను ఎప్పుడు ముట్టుకున్నానా అని లెక్కవేసుకున్నాను. లెక్క త్వరగానే తేలింది.

2002లో ఆ తండ్రి పోయాడు. హఠాత్తుగా. అక్కణ్ణించి తల్లి దాచడం హద్దు దాటిపోయింది. అంతకుముందు పనికొచ్చేవి దాచేది, ఇప్పుడు అన్నీ దాచడం మొదలుపెట్టింది. మంచం మీదా, కుర్చీల మీదా, నడిచే దోవలో కూడా సామానే. మనిషి ఖాళీ చేసిన చోటుని వస్తువులతో నింపుకుంటోందన్నమాట. కొడుకూ కూతురూ, మనలాగే, ఇల్లు సర్దేద్దామని దిగారు. కొన్ని పారేశారు కూడా. ఆవిడకి కోపం, ఏడుపు, ఇంట్లో గొడవ.

ఇక్కడే అతను అందరికంటే వేరుగా ఆలోచించాడు. అమ్మ అలవాటు మాన్పించాలని చూడలేదు. ఆ అలవాటుకే ఒక పని కల్పించాడు. ‘వీటన్నిటినీ నీతో కలిసి ఒక ప్రదర్శన చేద్దాం, ఏది ఏమిటో నువ్వే సర్దాలి, నువ్వే చెప్పాలి’ అని ఒప్పించాడు. 2005లో బీజింగులో మొదటిసారి ప్రదర్శన పెట్టారు. ఝావో గారు రోజూ అక్కడికి వచ్చి, సామాను విడదీస్తూ, మడతలు పెడుతూ, వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతూ గడిపింది. ఆవిడ వయసువాళ్ళు వచ్చి, మా ఇంట్లోనూ ఇదే బేసిన్, మేమూ ఇలాగే దాచాం అంటూ కూర్చుండిపోయేవారట. నాన్నా, బెంగపెట్టుకోకు, అమ్మా మేమూ బాగానే ఉన్నాం అని చనిపోయిన తండ్రికి కబురు చెబుతున్నట్టుగా నియాన్ అక్షరాలు కూడా పెట్టాడు అందులో.

కాబట్టి “ఇతను చేసిందేమిటి” అన్నదానికి నా జవాబు ఇది. వస్తువుల్ని పేర్చడం కాదు, ఒక ముసలావిడని ఇంట్లోంచి బయటికి తీసుకొచ్చి పదిమంది మధ్య కూర్చోబెట్టడం. దాచినందుకు తిట్లు తిన్న మనిషిని, దాచినందుకే నలుగురూ వచ్చి పలకరించేలా చెయ్యడం. అలా చేసిన దాన్ని ఆర్ట్ అంటారో, కౌన్సెలింగ్ అంటారో మీ ఇష్టం. అమ్మ దుఃఖాన్ని మ్యూజియాలకి అమ్ముకున్నాడు అనేవాళ్ళు కూడా ఉండొచ్చు. నాకు అలా అనిపించలేదు. అమ్ముకునేవాడు అమ్మ పేరుని గోడ మీద చిన్నక్షరాల్లో పెట్టేవాడు. ఇతను ఆవిడే అసలు కళాకారిణి అన్నట్టుగా నడిపించాడు.

ఆ తర్వాత ఆ సామాను ప్రపంచమంతా తిరిగింది. 2006లో కొరియాలో గ్వాంగ్జు, 2008లో బెర్లిన్, 2009లో న్యూయార్కు, 2012లో లండన్ బార్బికన్, 2013లో సిడ్నీ. ప్రతిచోటా చోటుని బట్టి పేర్పు మారుతుంది. న్యూయార్కులో ఎత్తైన చదరపు హాలు, పైనుంచి మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. బార్బికన్‌లో ఆ గ్యాలరీ పొడుగ్గా, సన్నగా, విల్లులా వంగి ఉంటుంది. అక్కడ ఏ మూల నిలబడ్డా మొత్తం కనబడదు, నడుస్తూ పోతేనే ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. సామాను అదే, అనుభవం వేరు. మన భాషలో చెప్పాలంటే బిల్డ్ ఒకటే, ఎన్విరాన్‌మెంట్ మారేసరికి అప్లికేషనే మారిపోయింది. మనకది బగ్గు, ఆయనకి అదే పని :)

ఇంకోటి. ఈ పేర్పు పని కూలీలకి అప్పజెప్పి వదిలెయ్యరు. సాంగ్ డాంగ్, అక్క సాంగ్ హుయి, భార్య యిన్ షియుజెన్ (ఆవిడా పేరున్న కళాకారిణే, వాడిన బట్టలతో పనిచేస్తుంది) వచ్చి పెట్టెలు విప్పుతారు. అంటే ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి కుటుంబం మొత్తం కూర్చుని అమ్మ సామాను విప్పి, తుడిచి, సర్ది, మళ్ళీ కట్టెయ్యడం. మనకి సంవత్సరీకాలు ఉన్నట్టు.

సంవత్సరీకం అని ఎందుకన్నానంటే, నేను న్యూయార్కులో చూసేనాటికి ఝావో గారు లేరు. 2009 మొదట్లోనే పోయారు. చెట్టు మీద ఉన్న ఒక పిట్టని కాపాడబోయి నిచ్చెన మీంచి పడిపోయారట. ఏదీ పోనివ్వని మనిషి, చివరికి పిట్టని కూడా.

అప్పట్నుంచీ నన్ను తొలిచే విషయం ఒకటుంది. ఆ పదివేల వస్తువుల్లో ఏది ఎప్పటిది, ఎందుకు ఉంచారు అన్నది ఆవిడ తలలో ఉంది. 2005 నుంచి నాలుగేళ్ళు ఆవిడ వాటి మధ్య కూర్చుని చెప్పింది కాబట్టి కొంతైనా బయటికొచ్చింది. చెప్పకుండా పోయి ఉంటే? మనలో మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసినవాళ్ళకి ఈ బాధ తెలుసు. కామెంట్లు లేని ముప్పై ఏళ్ళ కోబాల్ ప్రోగ్రాము, రాసినాయన రిటైరయ్యి వెళ్ళిపోయాడు. ఈ పేరాగ్రాఫుని ఎవరూ పిలవట్లేదు కదా అని తీసేస్తావు, సంవత్సరాంతం బ్యాచ్ అర్ధరాత్రి పడుకుంటుంది. పోలిక ఇంతవరకే సరిపోతుంది లెండి. ప్రోగ్రాముని కూర్చుని చదివి అర్థం చేసుకోవచ్చు. మూత లేని సీసాని ఎంతసేపు చూసినా అది సీసాయే.

మా ఇంటికొస్తాను. నాన్న పోయి నాలుగేళ్ళయింది. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళు సహకరించట్లేదు, హైదరాబాదు తీసుకొచ్చెయ్యాలన్నది అన్నయ్య పట్టుదల. అందులో తప్పేం లేదు. కానీ అన్నయ్యా వదినా దానికి వేసిన ప్లాను, రెండు రోజుల్లో అటక ఖాళీ చేసి పాత సామాన్లవాడికి తూకానికి వేసెయ్యడం. ఆ జపాను ఆవిడ పుస్తకం వచ్చాక ఇది ఇంకా ఎక్కువైంది, చేతిలోకి తీసుకుంటే ఆనందం కలిగించని వస్తువు పారెయ్యాలట. డాల్డా డబ్బా చేతిలోకి తీసుకుంటే ఎవరికి ఆనందం కలుగుతుంది? అది ఆనందం కోసం దాచింది కాదు కదా.

నేను అడిగింది ఒక్కటే, పారేసేది ఏదైనా ముందు అమ్మ నోటితో ఒకసారి చెప్పించుకుందాం అని. దసరాకి వారం రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. లాప్‌టాప్ తీసి ఎక్సెల్ షీటు తెరిచి నాలుగు కాలమ్స్ పెట్టాను: వస్తువు, ఎప్పటిది, ఎందుకు దాచావు, ఏం చేద్దాం. అమ్మ నవ్వింది. “ఏవిట్రా ఇది, జనాభా లెక్కలా?” అంది. నేను నిచ్చెన ఎక్కి ఒక్కోటీ దింపడం, తను నవారు మంచం మీద కూర్చుని చెప్పడం.

మొదటిరోజు మూడో కాలమ్ నిండా ఒకటే మాట, “పనికొస్తుందని”. రెండో రోజు నుంచి మారింది. గోనెసంచిలో పాత సైకిలు ట్యూబు ముక్కలుంటే, 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు కిటికీ రెక్కలు కొట్టుకోకుండా వాటితోనే కట్టారని చెప్పింది. అది నేనెప్పుడూ వినలేదు. హార్లిక్స్ సీసాలు పదకొండు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నాన్న అప్పు చేసి కొన్న మొదటి సీసా కూడా వాటిలో ఉందట, ఏదో గుర్తుపట్టలేనంది. గుర్తుపట్టలేదు కాబట్టి మొత్తం పదకొండూ ఉంచాలా, పదకొండూ ఇచ్చెయ్యాలా? అరగంట చర్చ జరిగింది. ఒక గుడ్డలమూట విప్పితే అన్నీ చొక్కా కాలర్లు. చొక్కా చిరిగినా కాలరు విప్పి తిరగేసి కుట్టేదట, ఆ విప్పిన దారాలు కూడా ఒక చెక్కరీలుకి చుట్టి ఉన్నాయి.

నాలుగో కాలమ్‌లో నేను ఊహించనిది జరిగింది. చెప్పడం అయిపోయాక చాలావాటికి అమ్మే “ఇచ్చెయ్ రా, ఇంకెందుకు” అనేసింది. కాలర్ల మూట, సైకిలు ట్యూబులు, సీసాల్లో తొమ్మిది వెళ్ళిపోయాయి. నేను బతిమాలలేదు, వాదించలేదు. మాట బయటికొచ్చేస్తే వస్తువు బరువు తగ్గుతుందేమో తెలీదు. కొన్నిటికి మాత్రం ససేమిరా అంది. కారణం అడిగితే “అన్నీ నీకు చెప్పాలా?” అంది. సరే, ఆ గడి ఖాళీగా వదిలేశాను.

అన్నయ్య వాట్సాప్‌లో షీటు చూసి, “212 వరసలు! దీనికంటే ట్రక్కు మాట్లాడుకుంటే చవక” అని పెట్టాడు. మళ్ళీ రాత్రి ఫోన్ చేసి, ఆ 86వ వరసలో ఇత్తడి మరచెంబు నాదే, దాన్ని ఎవరికీ ఇవ్వకండి అన్నాడు. స్కౌట్స్ క్యాంపుకి పట్టుకెళ్ళాడట. వదిన కూడా తన పుట్టింట్లో ఇలాంటి షీటు మొదలుపెడతానంటోంది. వాళ్ళమ్మగారికి ఎనభై రెండు.

అమ్మ ఇంకా హైదరాబాదు రావడానికి పూర్తిగా ఒప్పుకోలేదు. ఫ్లాటులో అటక లేదు కదా అంటోంది. నిజమే, బిల్డరు దాన్ని లాఫ్ట్ అన్నాడు గానీ ఏసీ అవుట్‌లెట్ పైపులతోనే అది నిండిపోయింది. తెనాలి అటక మీద వెనక వరస ఇంకా ముట్టుకోలేదు, నాన్న ట్రంకుపెట్టె కూడా అక్కడే ఉంది. దానికి తాళంచెవి ఏదో అమ్మ వెతికిపెడతానంది. సంక్రాంతికి మళ్ళీ వెళ్తున్నాను, ఈసారి అన్నయ్య కూడా వస్తున్నాడు.